హోల్మియం బోరోకార్బైడ్‌లో మాగ్నెటిక్ ఆర్డర్ పట్టుకోవడం ఎలా

శాంపిల్ మీదికి న్యూట్రాన్లు వదిలి, ఏ కోణంలో ఎన్ని చెదిరి వచ్చాయో లెక్కపెట్టిన డేటా చేతికి రాగానే చాలామంది నేరుగా మాగ్నెటిక్ పీకులు (లోపలి బుల్లి అయస్కాంతాలు ఒక వరసలో అమరడం, అదే మాగ్నెటిక్ ఆర్డర్, వల్ల లేచే శిఖరాలు) వెతకడం మొదలెడతారు, అక్కడే బోల్తా పడతారు. ముందు స్ట్రక్చర్ (పరమాణువుల అమరిక) తేల్చుకోండి, అదీ మాగ్నెటిజం ఇంకా మొదలవ్వని టెంపరేచర్లో. ఇక్కడ హోల్మియం నికెల్ బోరోకార్బైడ్ తీసుకుందాం. 1994లో మన ముంబై టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్ళూ, అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ళూ బయటపెట్టిన సూపర్ కండక్టర్ల (బాగా చల్లబరిస్తే రెసిస్టెన్స్ సున్నా అయ్యేవాటి) ఫ్యామిలీలోదే ఇదీ.

అసలు శాంపిల్ దగ్గరే ఒక గొడవుంది. మామూలు బోరాన్‌లో ఇంచుమించు 20 శాతం బోరాన్-10 ఉంటుంది, అది న్యూట్రాన్లని మింగేస్తుంది. కాబట్టి బోరాన్-11తోనే చేయించుకోండి, ఖరీదే గానీ తప్పదు, లేదంటే దొరక్క దొరక్క దొరికిన బీమ్ టైమ్ (న్యూట్రాన్ మెషీన్ మీద మనకిచ్చిన టైమ్) గోవిందా.

ఇప్పుడు 20 కెల్విన్ దగ్గర ఒక ప్యాటర్న్ (కోణాన్ని బట్టి న్యూట్రాన్ల లెక్క గ్రాఫు) తీసి స్ట్రక్చర్ మోడల్‌తో ఫిట్ చెయ్యండి. బాడీ సెంటర్డ్ టెట్రాగొనల్ (చదరపు అడుగున్న నిలువు పెట్టె, మూలల్లో ఉన్నదే మధ్యలోనూ), అడుగు భుజం ఏ సుమారు 3.52, ఎత్తు సీ సుమారు 10.53 ఆంగ్‌స్ట్రామ్‌లు, హోల్మియం-కార్బన్ పొర ఒకటి, నికెల్-బోరాన్ పొర ఒకటి, ఇలా మార్చి మార్చి పేర్చినట్టుంటుంది. ఒక్కో పీకుకీ మూడు ఇండెక్సులు (అది ఏ పొరల వరస నుంచి వచ్చిందో చెప్పే అంకెలు) ఉంటాయి, అవి కూడితే సరిసంఖ్య వచ్చే పీకులే కనపడాలి. ఇక్కడే వేరే పీకు ఏదైనా ఉంటే అది ఇంప్యూరిటీ, రాసిపెట్టుకోండి, తర్వాత దాన్నే చూసి మాగ్నెటిజం అనుకుని మురిసిపోకుండా.

తర్వాత 2 కెల్విన్‌కి దించి, ఆ డేటాలోంచి 20 కెల్విన్ డేటా తీసెయ్యండి. వేవ్‌లెంగ్త్ 2.4 ఆంగ్‌స్ట్రామ్‌లైతే 13 డిగ్రీల కోణం దగ్గర (001) పీకు నిటారుగా లేచి ఉంటుంది. ఇండెక్సులు కూడితే బేసిసంఖ్య కాబట్టి స్ట్రక్చర్ వల్ల వచ్చే ఛాన్సే లేదు. న్యూట్రాన్‌కి కనపడేది స్కాటరింగ్ దిశకి (ఆ పీకునిచ్చే పొరలకి లంబంగా ఉండే దిశకి) అడ్డంగా ఉన్న మూమెంటే (హోల్మియం బుల్లి అయస్కాంతమే), సీ దిశ పీకు ఇంత బలంగా ఉందంటే మూమెంట్లు పొరలోనే పడుకుని ఉన్నాయన్నమాట. ఒక్కో పొరలో అన్నీ ఒకే వైపు, పై పొరలో ఎదురు వైపు.

ఇక్కడితో ఆపేస్తే అసలు మజా మిస్సవుతారు. ఇది సుమారు 8 కెల్విన్‌లో సూపర్ కండక్టర్ అవుతుంది, కానీ 5 కెల్విన్ దగ్గర అప్పర్ క్రిటికల్ ఫీల్డ్ (సూపర్ కండక్టివిటీ తట్టుకోగల గరిష్ఠ అయస్కాంత క్షేత్రం) ఒక్కసారి పడిపోయి మళ్ళీ లేస్తుంది, కొన్ని శాంపిళ్ళలో రెసిస్టెన్స్ కూడా తిరిగొస్తుంది. అందుకే 8 నుంచి 4 దాకా 0.2 కెల్విన్ చొప్పున ఓపిగ్గా దిగండి. 5, 6 మధ్యలో 12 డిగ్రీల దగ్గర ఒక పీకు (సీ దిశలో స్పైరల్, అంటే పొర పొరకీ మూమెంట్ కాస్త తిరుగుతూ పోవడం), 23 డిగ్రీల దగ్గర చిన్నది ఇంకోటి (ఏ దిశ మాడ్యులేషన్, అంటే పొర లోపలే అలలా మారడం) వస్తాయి, ఇంకా చల్లబడితే రెండూ మాయం. ఎదురెదురు పొరలైతే ఒకదాన్నొకటి క్యాన్సిల్ చేసుకుంటాయి కాబట్టి సూపర్ కండక్టివిటీకి పెద్ద బెంగ లేదు, దాన్ని ఇబ్బంది పెట్టేది ఆ ఏ దిశదే అని చాలామంది అనుమానం, నాదీ అదే.

రెసిస్టెన్స్ మాత్రం అదే బ్యాచ్ ముక్క మీద తీయండి. బోరాన్, కార్బన్ పాళ్ళు కాస్త అటూఇటూ అయినా ఈ మార్పులొచ్చే టెంపరేచర్లు పక్కకి జరిగిపోతాయి, వేరే బ్యాచ్ కర్వ్‌తో పోల్చుకుంటే ఏ పీకు రెసిస్టెన్స్‌లో ఏ మార్పుకి కారణమో ఎప్పటికీ తేలదు.