తుపాను నెలలు రాకముందే సెట్టు పవర్ కొలిచి పెట్టుకోండి

పర్లాకిమిడి నుంచి బరంపురం, గోపాల్‌పూర్ దాకా ఉన్న మన హామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రులకు తుపాను గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 2013లో ఫైలిన్ అక్టోబర్ 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండ ఊళ్లను చితక్కొట్టింది. రెండూ దసరా రోజుల్లోనే. కాబట్టి సెప్టెంబరులో కాస్త ఎండ కాసిన రోజు చూసుకుని, మీ రేడియో సెట్టు నిజంగా ఎన్ని వాట్లు ఇస్తోందో, అందులో యాంటెన్నా దాకా ఎన్ని చేరుతున్నాయో కొలిచేయండి. ఈ రెండో లెక్కే చాలామంది వదిలేస్తున్నారు.

ముందుగా యాంటెన్నా తీసేసి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను వేడిగా మార్చేసే రెసిస్టర్) తగిలించండి. ఏ లోడూ లేకుండా పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే బటన్) నొక్కారంటే పవర్ బయటికి పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్ పోవచ్చు, తుపాను ముందు అది దొరకడం కష్టం. లోడ్ మీద రాసిన వాట్లు చూడండి. చిన్న లోడ్‌కి 50 వాట్ల సెట్టు తగిలిస్తే క్షణాల్లో కాలిపోతుంది. సరిపోయే లోడ్ అయినా ఐదారు సెకన్లకు మించి నొక్కి పట్టుకోకండి. ఆ సమయంలో బయటికి ఉన్న కనెక్టర్‌ను వేలితో తాకొద్దు. ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటు) కాలిస్తే గాయం పైకి చిన్నగా కనిపించినా లోతుగా ఉంటుంది.

వాట్‌మీటర్ లేకపోతే డమ్మీ లోడ్ మీద ఒక డయోడ్, ఒక కెపాసిటర్ పెట్టి, కెపాసిటర్ మీది డీసీ వోల్టేజీని మామూలు మల్టీమీటర్‌తో కొలవొచ్చు. సిలికాన్ డయోడ్ అయితే వచ్చిన అంకెకు 0.6 కలపండి. అది పీక్ వోల్టేజీ. దాన్ని దానితోనే గుణించి 100తో భాగిస్తే వాట్లు వస్తాయి. 21.8 వోల్టులు కనిపిస్తే 0.6 కలిపి 22.4, అంటే సుమారు 5 వాట్లు, చేతిలో పట్టుకునే హ్యాండీ సెట్టు బాగున్నట్టే. 50 వాట్లకు మాత్రం డయోడ్ మీద 140 వోల్టుల రివర్స్ వోల్టేజీ పడుతుంది. 1ఎన్4148 లాంటి చిన్న డయోడ్ దాన్ని తట్టుకోదు. మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి నేరుగా లోడ్ మీద కొలవాలని చూడకండి. అంత ఫ్రీక్వెన్సీని అది కొలవలేదు.

కొలిచేటప్పుడు పవర్ నిలకడగా ఉండే ఎఫ్‌ఎం లేదా సీడబ్ల్యూ (మోర్స్) వాడండి. ఎస్‌ఎస్‌బీలో (గొంతును బట్టి పవర్ మారే పద్ధతి) మాట్లాడుతూ చూస్తే సూది గొంతును బట్టి ఊగుతూ అసలు పవర్ కన్నా బాగా తక్కువ చూపిస్తుంది, సెట్టు పాడైందేమో అని అనవసరపు టెన్షన్. మీటర్ కూడా ఆ బ్యాండ్‌కు పనికొచ్చేదై ఉండాలి. హెచ్‌ఎఫ్ (30 మెగాహెర్ట్జ్ లోపు) మీటర్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర చెప్పేది నమ్మలేం. పేరున్న బర్డ్ 43 మీటర్‌కే ఫుల్ స్కేల్‌లో 5 శాతం తేడా ఉండొచ్చు. 100 వాట్ల ఎలిమెంట్ (ఫుల్ స్కేల్ ఎంతో నిర్ణయించే ముక్క) పెట్టి 10 వాట్లు కొలిస్తే 5 నుంచి 15 దాకా ఏదైనా కావొచ్చు. కొలిచే పవర్‌కు దగ్గరి స్కేల్ ఎంచుకోండి.

ఇక కేబుల్ సంగతి. నాలుగు నెలల వానకు మేడ మీది కనెక్టర్‌లో నీళ్లు దిగుతాయి. నీళ్లు దిగిన కేబుల్ పవర్‌ను తానే మింగేస్తుంది, యాంటెన్నా నుంచి తిరిగొచ్చే పవర్‌నూ మింగుతుంది. అందుకే కింద మీటర్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత తిరిగొస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరగా ఉంటే మంచిది) ముందుకన్నా బాగున్నట్టు కనిపిస్తుంది! కేబుల్‌లో 6 డెసిబెల్స్, అంటే పవర్‌లో ముప్పావు వంతు, పోతుంటే, పైన యాంటెన్నా పూర్తిగా ఊడిపోయినా కింద 1.7 దగ్గరే చూపిస్తుంది. ఆ అంకె చూసి సంతోషపడి ఊరుకుంటే గాలి మొదలైన రాత్రి మీ మాట వీధి చివరికి కూడా చేరదు. ఏమీ మార్చకుండానే ఎస్‌డబ్ల్యూఆర్ తగ్గిందంటే ముందు కేబుల్‌నే అనుమానించండి.

పరీక్ష సులువే. డమ్మీ లోడ్‌ను మేడ మీద కేబుల్ కొసకు పెట్టి, అదే మీటర్‌తో కింద ఒకసారి, పైన ఒకసారి కొలవండి. కింద 48, పైన 24 వస్తే సగం, అంటే 3 డెసిబెల్స్ పోయినట్టు. ఆర్‌జి-58 అనే సన్న కేబుల్ కొత్తదైనా 145 మెగాహెర్ట్జ్ దగ్గర 15 మీటర్లకు ఇంచుమించు ఇంతే తింటుంది. అంతకన్నా బాగా ఎక్కువ పోతుంటే కేబుల్ మార్చేయండి, ఎండబెట్టి వాడొద్దు. కొత్త కనెక్టర్‌కు సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) చుట్టి, దాని మీద మామూలు టేపు వేయండి.

ఇదంతా 13.8 వోల్టుల పవర్ సప్లై మీద చేసి ఆపొద్దు. తుపాను రాత్రి కరెంటు ఉండదు. అదే కొలతను బ్యాటరీ మీద కూడా తీసుకోండి. పీటీటీ నొక్కినప్పుడు సెట్టు వెనక టెర్మినల్ దగ్గర వోల్టేజీ 12 కన్నా కిందికి జారితే బ్యాటరీ అయినా బలహీనమై ఉండాలి, వైరైనా సన్నదై ఉండాలి. ముందు మందపాటి, పొట్టి వైరు వేసి చూడండి, ఖర్చు తక్కువ. వచ్చిన అంకెలు తేదీతో సహా ఒక కాగితం మీద రాసి సెట్టు పక్కన అంటించండి.