సినిమా తొమ్మిదింటికి, రికార్డింగ్ రెండున్నరకి

మేడ మీద డీడీ ఫ్రీ డిష్ గొడుగు, కింద పాత కంప్యూటర్‌లో డిష్ సిగ్నల్ అందుకునే యూఎస్‌బీ ట్యూనర్, రికార్డ్ చేసే టీవీహెడ్‌ఎండ్ సాఫ్ట్‌వేర్, చూడ్డానికి కోడి (Kodi) అనే ప్లేయర్. సిగ్నల్ బాగానే ఉంది కానీ రాత్రి తొమ్మిదింటి సినిమా పెడితే అర్ధరాత్రి దాటాక రెండున్నరకి రికార్డింగ్ మొదలై, పొద్దున చూస్తే అంతా టెలిషాపింగే! తేడా సరిగ్గా ఐదున్నర గంటలు అనేసరికి దొంగ దొరికిపోయాడు: ఏ ప్రోగ్రాం ఎప్పుడో చెప్పే ఎక్స్‌ఎంఎల్‌టీవీ గైడ్ ఫైల్‌లో టైమ్ పక్కన టైమ్‌జోన్ లేదు, లేకపోతే టీవీహెడ్‌ఎండ్ ఆ టైమ్‌ని యూటీసీ (మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) కింద లెక్కేస్తుంది. టైమ్ అంకెల తర్వాత స్పేస్ ఇచ్చి, ఇది మన టైమ్ అని చెప్పే +0530 చేర్చే చిన్న స్క్రిప్ట్ రాసి, గైడ్ మళ్ళీ ఎక్కించా. కుదిరింది. మన ఛానెళ్ళు చెప్పిన టైముకి ఎప్పుడు వేశాయి గనక, రికార్డింగ్‌కి చివర్లో ఇరవై నిమిషాలు అదనంగా పెట్టుకోండి. అన్నట్టు, వైజాగ్ ఉప్పుగాలికి డిష్ దగ్గర కనెక్టర్ తుప్పు పడుతుంది, టేపు చుట్టండి.