టీవీకి కలిపిన కంప్యూటర్‌కు రిమోట్ ఎంచుకోవడం ఎలా?

మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌నో, అరచేతిలో ఇమిడే మినీ పీసీనో హెచ్‌డీఎంఐ కేబుల్‌తో హాల్లోని టీవీకి కలిపి, సినిమాలు, పాటలు, ఇంటివాళ్ళ ఫొటోలు దానిమీదే చూసుకొనే ఏర్పాటు చేసుకున్నవారికి రెండు రోజులు తిరగకముందే ఒక చిక్కు ఎదురవుతుంది. సోఫా ఒక గోడకు, టీవీ మరో గోడకు ఉంటాయి. మౌసు మాత్రం టీవీ బల్ల మీద ఉంటుంది. శబ్దం తగ్గించాలన్నా, పాట మార్చాలన్నా ఎవరో ఒకరు లేచి వెళ్ళాలి. అప్పుడు చాలామంది ఆన్‌లైన్ దుకాణంలో పీసీ రిమోట్ అని వెతికి, బొమ్మలో ముచ్చటగా కనిపించిన దాన్ని తెప్పించుకుంటారు. నేనూ అలాగే తెప్పించుకొని, రెండు రిమోట్లు బీరువా సొరుగులో పడేశాక గాని అసలు సంగతి నాకు బోధపడలేదు: చేతిలో పట్టుకొనే రిమోట్ కంటే ముందు, కంప్యూటర్‌కు గుచ్చే రిసీవర్ ఎలాంటిదో తేల్చుకోవాలి.

టీవీకి దాని రిమోట్ ఏం చెప్పినా అర్థమవుతుంది, ఎందుకంటే రెంటినీ ఒకే కంపెనీ ఒకదాని కోసం ఒకటిగా తయారుచేసింది. కంప్యూటర్‌కు అలాంటి చుట్టరికం ఏ రిమోట్‌తోనూ లేదు. దానికి పుట్టుకతో తెలిసినవి కీబోర్డు, మౌసు. అందువల్ల యూఎస్‌బీలో పెట్టగానే తనను తాను మామూలు కీబోర్డుగా పరిచయం చేసుకొనే రిసీవర్ అయితే డ్రైవర్ల (పరికరాన్ని నడిపే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ల) బెడద ఉండదు; విండోస్ అయినా లైనక్స్ అయినా, చివరికి కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే బయోస్ తెరలోనైనా అది పనిచేస్తుంది. సొంత సాఫ్ట్‌వేర్ వేస్తేనే పనిచేసే రిసీవర్, ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారీదారు పట్టించుకోవడం మానేసిన రోజున మూలకు చేరుతుంది. మైక్రోసాఫ్ట్ 2002లో విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్ తెచ్చినప్పుడు ఆకుపచ్చ బటన్ ఉన్న రిమోట్లు ఎంతో ప్రచారం పొందాయి. 2015లో విండోస్ 10 వచ్చేసరికి మీడియా సెంటర్‌నే తీసివేశారు. విచిత్రమేమిటంటే ఆ రిసీవర్లకు లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌లో ఈనాటికీ డ్రైవర్ ఉంది కాబట్టి, పాత సామాన్ల దుకాణంలో ఒకటి దొరికితే లైనక్స్ వాడేవారు నిరభ్యంతరంగా తీసుకోవచ్చు.

రిసీవర్ గురించి ఆలోచించే ముందు మీరు తెర మీద ఏం చేస్తారో నిజాయితీగా లెక్క వేసుకోండి. కోడి (Kodi) వంటి మీడియా ప్రోగ్రామ్‌ను దూరం నుంచి చూసి వాడడానికే రూపొందించారు. దానికి నాలుగు దిక్కుల బాణాలు, ఎంటర్, వెనక్కి వెళ్ళే బటన్, ఆపి నడిపే బటన్, శబ్దం బటన్లు చాలు. బ్రౌజర్ తెరిచి నాలుగు రకాల వెబ్‌సైట్లలో సినిమాలు చూసేవారికి మాత్రం మౌసు బాణం లేకుండా గడవదు, ఎందుకంటే ఆ పేజీలను బల్ల ముందు కూర్చున్న మనిషి కోసం తయారుచేశారు. మొదటి రకం వారు ఎక్కువ బటన్లున్న రిమోట్‌కు, రెండో రకం వారు బాణాలు మాత్రమే ఉన్న రిమోట్‌కు డబ్బు తగలేయడం నేను తరచుగా చూస్తుంటాను.

దానికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. కొనేవారిలో ఎక్కువమంది దాన్ని అడగరు. రిమోట్‌తో కంప్యూటర్‌ను నిద్ర లేపగలమా? స్లీప్‌లో ఉన్న కంప్యూటర్‌ను లేపాలంటే మూడు సమకూడాలి: ఆ సమయంలో యూఎస్‌బీ పోర్టుకు విద్యుత్తు అందుతూ ఉండాలి, బయోస్‌లో యూఎస్‌బీ ద్వారా లేపడానికి అనుమతి ఉండాలి, విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ కీబోర్డు పేరు కింద పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో కంప్యూటర్‌ను లేపడానికి అనుమతించే గడిలో టిక్ పెట్టి ఉండాలి. బయోస్‌లో ఈఆర్‌పీ అనే విద్యుత్ పొదుపు అమరిక ఆన్‌లో ఉంటే, పూర్తిగా షట్‌డౌన్ చేసిన కంప్యూటర్‌లో పోర్టుకు విద్యుత్తు అందదు. పూర్తిగా షట్‌డౌన్ చేసిన కంప్యూటర్‌ను యూఎస్‌బీ రిమోట్‌తో లేపడం చాలా మదర్‌బోర్డుల్లో సాధ్యం కాదు కాబట్టి రాత్రిపూట స్లీప్‌లో పెట్టడం అలవాటు చేసుకోవాలి. ఇక్కడ మన ఊళ్ళ సంగతి ఒకటి కలుస్తుంది. కరెంటు పోయి వస్తే స్లీప్‌లో ఉన్న కంప్యూటర్ కాస్తా పూర్తిగా ఆగిపోయి ఉంటుంది, రిమోట్ ఎంత నొక్కినా పలకదు. విద్యుత్తు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే అమరిక బయోస్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ కమ్మని మార్చి పెడితే కరెంటు రాగానే కంప్యూటర్ తనంతట తానే మొదలవుతుంది.

ఇక రకాలలోకి వస్తే, నా ఓటు ఇప్పటికీ పాతకాలపు ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌కే. రిమోట్ ముక్కు దగ్గరున్న చిన్న ఎల్‌ఈడీ కంటికి కనపడని కాంతిని సెకనుకు దాదాపు 38,000 సార్లు వెలిగించి ఆర్పుతుంది. ఎండలోనూ బల్బుల వెలుగులోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి వాటి నుంచి తన మాటను వేరుచేసుకోవడానికే ఈ మిణుకు. ఫిలిప్స్ కంపెనీ ఆర్‌సీ-5 అనే సంకేత పద్ధతిలో ఇది 36 కిలోహెర్ట్జ్, సోనీ పద్ధతిలో 40 కిలోహెర్ట్జ్, విస్తృతంగా వాడే ఎన్‌ఈసీ పద్ధతిలో 38. ఇందులో గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఇంట్లో వాడకుండా పడి ఉన్న దాదాపు ఏ ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌నైనా పనికి పెట్టుకోవచ్చు. ఫ్లర్క్ అనే యూఎస్‌బీ రిసీవర్ ఈ పనికే తయారైంది: కంప్యూటర్‌లో దాని ప్రోగ్రామ్ తెరిచి, తెర మీద ఎంటర్‌ను ఎంచుకొని, చేతిలోని రిమోట్‌పై ఓకే నొక్కితే ఆ జత దాని జ్ఞాపకంలో నిలిచిపోతుంది. ఒకసారి నేర్పాక ఆ ప్రోగ్రామ్‌తో పని లేదు; కంప్యూటర్ దృష్టిలో అది కీబోర్డు మాత్రమే.

ఏ రిమోట్‌ను నేర్పాలన్న దాంట్లో కొంచెం జాగ్రత్త అవసరం. గదిలో ఉన్న టీవీ రిమోట్‌నే నేర్పితే మీరు పాట మార్చినప్పుడు టీవీ చానల్ కూడా మారుతుంది. కనెక్షన్ మానేసిన పాత డిష్ సెట్ టాప్ బాక్స్ రిమోట్ దీనికి చక్కగా సరిపోతుంది. బటన్లు పెద్దవి, ఇంట్లో పెద్దవాళ్ళ వేళ్ళకు ఇప్పటికే అలవాటైనవి. అయితే మాటతో పనిచేసే కొత్త రిమోట్లలో కొన్ని ఇన్‌ఫ్రారెడ్‌ను కాక బ్లూటూత్‌ను వాడతాయి. ఫోన్ ముందు కెమెరాను తెరిచి, దానికి ఎదురుగా రిమోట్ బటన్ నొక్కి చూడండి. ఊదారంగు వెలుగు మిణుకుమంటే అది ఇన్‌ఫ్రారెడ్. వెనుక కెమెరాలకు ఆ కాంతిని వడగట్టే అద్దం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ముందుదే నయం. మరో మెలిక: ఆర్‌సీ-5 వంటి పద్ధతుల్లో ఒకే బటన్‌ను మళ్ళీ నొక్కిన ప్రతిసారీ సంకేతంలో ఒక బిట్ (0 లేదా 1) తిరగబడుతుంది, పట్టి ఉంచడానికీ రెండుసార్లు నొక్కడానికీ తేడా తెలియడం కోసం. నేర్పిన తర్వాత బటన్ ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయకపోతే రిమోట్ చెడిపోయిందనుకోకండి. అదే బటన్‌ను ఇంకోసారి నేర్పితే సరిపోతుంది.

రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ వాడేవారికి ఇంతకంటే చవక దారి ఉంది. టీఎస్‌ఓపీ 38238 అనే మూడు కాళ్ళ రిసీవర్‌ను నేరుగా దాని పిన్నులకు కలుపుకోవచ్చు. దానికి 3.3 వోల్టులే ఇవ్వాలి, 5 వోల్టులు ఇవ్వకూడదు. రిసీవర్ తట్టుకుంటుంది గాని దాని నుంచి వచ్చే 5 వోల్టుల సంకేతాన్ని రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు పిన్ను తట్టుకోదు.

ఇన్‌ఫ్రారెడ్‌కు ఉన్న లోపం అందరికీ తెలిసిందే: అడ్డు ఉండకూడదు. కంప్యూటర్‌ను షోకేస్ చెక్క తలుపు వెనుక దాచినవారు రిసీవర్‌ను యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో ముందుకు తెచ్చి టీవీ అంచున అతికించుకోవాలి. అది కుదరనివారికి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిమోట్లు ఉన్నాయి. వీటిలో ఎయిర్ మౌస్ అనే రకం లోపల కదలికను పసిగట్టే గైరోస్కోప్ ఉంటుంది, గాలిలో చెయ్యి తిప్పితే తెర మీద బాణం తిరుగుతుంది. వెనుకవైపు చిన్న కీబోర్డు ఉన్నవీ దొరుకుతాయి. బ్రౌజర్ వాడకానికి ఇవి బాగుంటాయి. కానీ నా బీరువా సొరుగులో ఉన్నవి కూడా ఇవే, కారణం చెబుతాను. చవకగా దొరికే ఎయిర్ మౌస్‌లలో చాలా వరకు ఆండ్రాయిడ్ టీవీ పెట్టెల కోసం తయారైనవి. నేను మొదట కొన్నదానిలో ఓకే బటన్ ఎంటర్‌కు బదులు మౌసు ఎడమ క్లిక్‌ను పంపేది, వెనక్కి వెళ్ళే బటన్ కుడి క్లిక్‌ను పంపేది, ఇల్లు బొమ్మ ఉన్న బటన్ నొక్కితే బ్రౌజర్ తెరుచుకొనేది. పవర్ బటన్ సరేసరి, సినిమా నడుస్తుండగా చెయ్యి తగిలి కంప్యూటర్ మొత్తం షట్‌డౌన్ అయింది. ఈ చివరిదానికి మందు సులువే: విండోస్ పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ నొక్కితే స్లీప్ అయ్యేలా మార్చుకోవాలి. మిగిలినవాటికి రిసీవర్‌లోనే మార్పు చేసే వీలు లేదు, కంప్యూటర్‌లో బటన్ల అర్థం మార్చే ప్రోగ్రామ్ ఏదైనా వేసుకోవాలి.

రేడియో రిసీవర్‌ను ఏ పోర్టులో పెడుతున్నారో కూడా చూసుకోండి. నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్‌డిస్కు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో రొద పుడుతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీనిపై ఒక పత్రం వెలువరించింది. సినిమా హార్డ్‌డిస్కు నుంచి నడుస్తున్నప్పుడు మాత్రమే రిమోట్ తడబడుతోందంటే అనుమానించవలసింది దీన్నే. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ను దూరంగా జరిపితే చాలావరకు కుదుటపడుతుంది.

ఇంకొక హెచ్చరిక. ఇలాంటి చవక రేడియో కీబోర్డులు కొన్ని అక్షరాలను రహస్య సంకేతంగా మార్చకుండానే గాలిలోకి వదులుతాయి. 2016లో భద్రతా పరిశోధకులు మౌస్‌జాక్ పేరుతో బయటపెట్టిన లోపం వల్ల, అనేక పేరున్న కంపెనీల రిసీవర్లకు కూడా దూరం నుంచి దొంగ అక్షరాలు పంపవచ్చని తేలింది. సినిమా పేరు టైపు చేయడానికి ఫర్వాలేదు గాని, బ్యాంకు పాస్‌వర్డు కొట్టడానికి వీటిని వాడకండి.

కీబోర్డు ఉన్న రిమోట్ కొనేవారిలో తెలుగులో వెతికే అలవాటు ఉన్నవారు ఒక చిన్న విషయం గమనించాలి. విండోస్‌లో భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కాలి. ఆండ్రాయిడ్ కోసం చేసిన బుల్లి కీబోర్డుల్లో కొన్నింటికి విండోస్ కీ ఉండదు, అప్పుడు తెలుగు కీబోర్డుకు మారడానికి మళ్ళీ లేచి వెళ్ళక తప్పదు.

బ్లూటూత్ రిమోట్‌ను నేను సిఫారసు చేయను. దాని రిసీవర్ కంప్యూటర్‌లోనే ఉండడం సౌకర్యమే అయినా, చాలా డెస్క్‌టాప్‌లలో కంప్యూటర్ నిద్రపోగానే అదీ నిద్రపోతుంది, బయోస్ తెరలో సాధారణంగా పనిచేయదు. ల్యాప్‌టాప్‌ను లేచి తెరిచే అలవాటున్నవారికి పనికొస్తుంది.

టీవీ రిమోట్ ఒక్కటే అన్నిటికీ చాలాలన్న కోరిక ఉన్నవారికి సీఈసీ అనే దారి ఉంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌లోని 13వ పిన్ను మీదుగా టీవీ తన రిమోట్ బటన్లను అవతలి పరికరానికి చేరవేస్తుంది. సామ్‌సంగ్ దీన్ని ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీ సింప్‌లింక్ అనీ, సోనీ బ్రావియా సింక్ అనీ పిలుస్తాయి. టీవీ సెట్టింగ్స్‌లో వెతికి ఆన్ చేయాలి. రాస్‌ప్‌బెర్రీ పై మీద కోడి వాడేవారికి ఇది పైసా ఖర్చు లేకుండా పనిచేస్తుంది, వారు వేరే రిమోట్ కొననవసరం లేదు. మామూలు డెస్క్‌టాప్‌లలో మాత్రం గ్రాఫిక్స్ కార్డుల తయారీదారులు ఈ పిన్నును పట్టించుకోలేదు కాబట్టి కార్డుకూ టీవీకీ మధ్య పల్స్ ఎయిట్ వంటి కంపెనీ తయారుచేసిన సీఈసీ అడాప్టర్ పెట్టాలి. ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్‌తో పోలిస్తే ఇది ఖరీదైన దారి.

ఫోన్‌నే రిమోట్‌గా వాడుకొనే యాప్‌లు చాలా ఉన్నాయి. టైపు చేయడానికి వాటిని మించినవి లేవు, అందుకని ఒకటి వేసి ఉంచుకోండి. కానీ ఫోన్ మోగినప్పుడు సినిమా ఆపాలంటే అదే ఫోన్ కావాలి. పైగా ఆ ఫోన్ జేబులో పెట్టుకొని మీరు బయటికి వెళ్తే ఇంట్లో అమ్మమ్మకు రిమోట్ ఉండదు.

రిమోట్ ఇంటికి చేరాక, వాపసు గడువు ముగియక ముందే ఒక సాయంత్రం దానికి కేటాయించండి. నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్లు రాసి, కర్సర్‌ను మధ్యలో ఉంచి, రిమోట్ మీద ఒక్కొక్క బటన్ నొక్కి చూడండి: బాణాలకు కర్సర్ కదలాలి, ఓకే నొక్కితే కొత్త లైన్ రావాలి. కర్సర్ కదలకుండా తెర మీద మెనూ తెరుచుకుంటే అది కుడి క్లిక్. తర్వాత కోడి తెరిచి, బ్యాక్‌స్పేస్‌కు వెనక్కి వెళ్తుందని, స్పేస్‌కు సినిమా ఆగుతుందని, ఎక్స్ అక్షరానికి పూర్తిగా నిలిచిపోతుందని గుర్తుపెట్టుకొని మీ బటన్లను వాటికి జతచేయండి. ఆఖరున కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి, అరగంట ఆగి, మీరు రోజూ కూర్చొనే చోటి నుంచే ఓకే నొక్కండి. లేవకపోతే పైన చెప్పిన మూడు అమరికలు సరిచూడండి. అప్పటికీ లేవకపోతే పెట్టెలో పెట్టి తిప్పి పంపేయండి.