గే క్రూజ్‌కు బృందంగా వెళ్తున్నారా? వెళ్లొచ్చినవాళ్ల మాటతో తర్వాతి ట్రిప్‌ను బాగుచేయడం ఎలా

ఓడ దిగి ఎయిర్‌పోర్టులో కూర్చున్నప్పుడు ఎవరినైనా అడగండి, "ట్రిప్ ఎలా ఉంది?" అని. "సూపర్" అంటారు. మా మొదటి ట్రిప్ అయ్యాక పదకొండు మందీ అదే మాట అన్నారు. మరుసటి ఏడాది పిలిస్తే వచ్చింది ఐదుగురే. మిగతా ఆరుగురూ ఎందుకు రాలేదో నాకు తెలియడానికి ఆర్నెల్లు పట్టింది. అమెరికాలో మాలాగా స్నేహితుల్ని పోగుచేసి గే క్రూజ్‌కు తీసుకెళ్లేవాళ్లు ఆ ఆర్నెల్లు వృథా చేసుకోకూడదనే ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. గే క్రూజ్‌లు రెండు రకాలు. ఒకటి, కంపెనీ ఓడ మొత్తాన్ని చార్టర్ చేసేది, అంటే గే ప్రయాణికుల కోసమే అద్దెకు తీసుకునేది. అట్లాంటిస్ అనే కంపెనీ 1991 నుంచి ఈ పనిలో ఉంది. ఆర్ ఫ్యామిలీ అనే ఇంకో కంపెనీ 2004లో పిల్లలున్న గే, లెస్బియన్ కుటుంబాలను ఎక్కించుకుని న్యూయార్క్ నుంచి మొదటి ఓడ నడిపింది. రెండోది, అందరూ ఎక్కే మామూలు ఓడలోనే మనం ఒక బృందంగా వెళ్లడం. పాతరోజుల్లో ఆ ఓడల్లో రోజువారీ కార్యక్రమాల కాగితం మీద "ఫ్రెండ్స్ ఆఫ్ డొరొతీ" సమావేశం అని ఉండేది. గేల సమావేశం అని తెలిసినవాళ్లకే అర్థమయ్యే గుర్తు అది. ఇప్పుడు చాలా ఓడల్లో దాపరికం లేకుండా ఎల్‌జీబీటీ అనే వేస్తున్నారు.

మహిళల క్రూజ్‌లు నడిపే ఒలీవియా 1973లో పాటల రికార్డుల కంపెనీగా మొదలైంది. కచేరీకి వచ్చిన ఒకావిడ "ఇదే కచేరీ నీళ్ల మీద పెడితే ఎంత బాగుంటుంది!" అన్న మాట పట్టుకునే క్రూజ్‌ల ఆలోచన వచ్చిందని చెబుతారు. 1990లో 600 మంది మహిళలతో మొదటి ఓడ బహామాస్ వెళ్లింది. మన బృందంలోనూ అలాంటి మాటలు పడుతూనే ఉంటాయి, పట్టుకునేవాళ్లు కావాలి.

మొదటి పని: బుక్ చేయకముందే ఒక్కొక్కరినీ విడిగా అడగండి

గ్రూపులో "ఎవరికేం కావాలో చెప్పండి" అంటే గట్టిగా మాట్లాడే ఇద్దరి కోరికలే అందరి కోరికలైపోతాయి. ఫోన్ చేసి పది నిమిషాలు విడిగా మాట్లాడితే మూడు విషయాలు బయటకొస్తాయి.

ఒకటి డబ్బు. క్రూజ్ ప్రకటనలో కనిపించే ధర, క్యాబిన్‌లో (ఓడలో మన గదిలో) ఇద్దరుంటే ఒక్కొక్కరికి పడేది. ఒంటరిగా ఉంటానంటే చాలాసార్లు దాదాపు రెండింతలు కట్టాలి. పైన టిప్పులు, వైఫై, తాగేవాళ్లకు డ్రింక్స్ ప్యాకేజీ. "చూస్తాలే అన్నా" అన్నవాడికి సగం సార్లు ఇష్టం లేక కాదు, డబ్బు లేక. అందుకే "రూమ్‌మేట్‌ని వెతకమంటావా?" అని మీరే అడగండి. వాడంతట వాడు అడగడు.

రెండోది వీసా. మన తెలుగువాళ్ల బృందాల్లో ఇదే పెద్ద టెన్షన్. హెచ్-1బీ మీద ఉన్నవాడికి పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు దాటిపోయినా, చెల్లే ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) ఉంటే మెక్సికోకో కెనడాకో 30 రోజుల్లోపు వెళ్లి తిరిగి రావచ్చు. కరీబియన్ దీవులకు ఆ వెసులుబాటు ఎఫ్, జే వీసాల వాళ్లకే ఉంది. అంటే బహామాస్‌లో ఆగే ఓడ ఎక్కితే, స్టాంప్ గడువు దాటిన హెచ్-1బీ వాడికి తిరిగి రావడం కష్టం. మాలో ఒకడు ఇది తెలిసే రాలేదు, కానీ కారణం చెప్పుకోలేక "ఆఫీసులో పని" అన్నాడు. ఇప్పుడు స్టాంప్ గడువు ఎప్పటిదాకా అన్నదే నా మొదటి ప్రశ్న. సందేహం ఉంటే లాయర్ని అడగాలి తప్ప నన్ను కాదు.

మూడోది, ఏ పోర్టులో దిగాలంటే భయం అన్నది. ఊరికే అడిగే ప్రశ్న కాదిది. 1998లో కేమన్ దీవుల ప్రభుత్వం దాదాపు 900 మంది గే ప్రయాణికులున్న ఓడను రానివ్వనంది. 2012లో డొమినికాలో ఆగిన గే చార్టర్ ఓడలోని ఇద్దరు అమెరికన్లు బాల్కనీలో నగ్నంగా ఉండగా రేవు నుంచి చూసినవాళ్లు ఫిర్యాదు చేశారు. పోలీసులు అరెస్టు చేశారు, జరిమానా కట్టి బయటపడ్డారు. తర్వాత చట్టాలు చాలాచోట్ల మారాయి. ఆంటిగ్వా, సెయింట్ కిట్స్, బార్బడోస్‌లలో 2022లో, డొమినికాలో 2024లో కోర్టులు గే సంబంధాన్ని నేరంగా చూసే పాత చట్టాలను కొట్టేశాయి. జమైకాలో, గ్రెనడాలో ఇంకా ఉన్నాయి. జంటగా వచ్చేవాళ్లు "అక్కడ మేం ఓడలోనే ఉంటాం" అంటే వాళ్లను పిరికివాళ్లని ఎగతాళి చేయకండి. ఆ రోజు ఓడలోనే ఉండేవాళ్లకు ఒక తోడు ఏర్పాటు చేయండి.

రెండో పని: ఓడలో ఉండగానే, నాలుగో రోజు మళ్లీ అడగండి

ఏడు రాత్రుల ట్రిప్‌లో నాలుగో రోజు సరైనది. అప్పటికి మోజు కాస్త తగ్గుతుంది, సరిదిద్దడానికి మూడు రోజులు మిగిలి ఉంటాయి.

మాలో ఒకడు రోజూ రాత్రి బఫేలో ఒంటరిగా తింటున్నాడని నాలుగో రోజు పొద్దున్న డెక్ మీద నడుస్తుంటే తెలిసింది. అలిగాడేమో అనుకున్నాను. కాదు. వాడు మందు ముట్టడు. మేం "ఏడింటికి బార్ దగ్గర కలుద్దాం" అని పెట్టిన ప్రతి కలయికకీ వచ్చి, చేతిలో సోడా పట్టుకుని అరగంట నిలబడి, మేం మూడో గ్లాసుకి వచ్చేసరికి మెల్లగా జారుకునేవాడు. మేం ఎవరం గమనించలేదు. ఆ సాయంత్రం నుంచి కలిసే చోటు కాఫీ కౌంటర్‌కు మార్చాం. తాగేవాళ్లు బార్ నుంచి గ్లాసు పట్టుకుని అక్కడికే వచ్చారు. మార్పు ఇంతే, పైసా ఖర్చు లేదు.

మంచం సరిగ్గా లేకపోవడం లాంటివి అదే రోజు తేలిపోతాయి. ఒక బుకింగ్ ఏజెంటు మా జంట ఒకదానికి విడి మంచాలు రాయించాడు. క్యాబిన్ కుర్రాడికి చెబితే పది నిమిషాల్లో కలిపేశాడు. వాళ్లు మాత్రం అడగడానికి మొహమాటపడి మూడు రాత్రులు అలాగే పడుకున్నారు!

మూడో పని: తిరిగొచ్చిన పది రోజులకు

మర్నాడే అడిగితే మత్తులో ఉంటారు, రెండు నెలలకు అడిగితే మర్చిపోతారు. పది రోజులకు క్రెడిట్ కార్డు బిల్లు వస్తుంది, నిజాలూ వస్తాయి.

ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు అని అడక్కండి. నాలుగు ఇస్తారు, మనకేం తెలియదు. జరిగినదాని గురించి అడగండి: "ఏ రోజు ఏ టైమ్‌లో క్యాబిన్‌లోకి వెళ్లి తలుపేసుకోవాలనిపించింది?" "అనుకున్నదానికంటే ఎంత ఎక్కువైంది, ఎక్కడ?" "ఎవరి ముందైనా ఇబ్బంది పడ్డారా?" ఈ మూడు చాలు.

గూగుల్ ఫారంలో ఈమెయిల్ తీసుకోకుండా పెట్టొచ్చు. కానీ పదకొండు మందిలో పేరు లేకపోవడం అనేది ఉత్తమాట. "భోంచేద్దాం" అని రాసేవాడు ఒక్కడే ఉంటాడు, చదవగానే తెలిసిపోతుంది. అందుకని జవాబులు ఒక్కరే చదవాలి, గ్రూపులో పెట్టేటప్పుడు తమ మాటల్లో తిరగరాసి పెట్టాలి. నేను మొదట్లో స్క్రీన్‌షాట్ పెట్టి ఒక స్నేహం పోగొట్టుకున్నాను.

ఇక ఫొటోల సంగతి. మా మొదటి ట్రిప్ అయ్యాక మళ్లీ రాని ఆరుగురిలో గుంటూరు వైపు కుర్రాడొకడు ఉన్నాడు. వైట్ పార్టీ (అందరూ తెల్లబట్టల్లో వచ్చే పార్టీ) రాత్రి ఫొటో మాలో ఒకడు ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పెట్టాడు. వీడు వెనక వరుసలో, సగం మొహమే. అది వాడి పిన్ని కొడుకు చూశాడు. సాయంత్రానికి అమ్మ ఫోన్: "ఆ ఫొటోలో నీ భుజం మీద చెయ్యేసినవాడు ఎవర్రా?" ఆఫీసు పార్టీ అని చెప్పి బయటపడ్డాడట. మాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. పెట్టినవాడు మంచివాడు, వాడి మనసు నొప్పించడం ఎందుకని! భారత సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న 377 సెక్షన్ విషయంలో గే సంబంధం నేరం కాదని తీర్పు ఇచ్చింది నిజమే, ఆ తీర్పు అమ్మ ఫోన్‌కి జవాబు చెప్పదు కదా.

ఇప్పుడు ఎక్కిన రోజే ప్రతివాడూ ఫొటో సరే, వద్దు అని చెబుతాడు. వద్దన్నవాళ్లు క్యాబిన్ కార్డును మెడలో వేసుకునే తాడు నీలం రంగు. ఓడలో ఉండగా ఎవరూ ఏదీ బయట పెట్టరు.

నాలుగో పని: వచ్చినవాటిని వేరుచేయడం

మన చేతిలో ఉన్నవి, కంపెనీ చేతిలో ఉన్నవి అని రెండు కుప్పలు చేయండి. కంపెనీవి పదకొండు మంది పదకొండు ఈమెయిళ్లు పెడితే పోతాయి. తేదీ, డెక్ నంబరు, జరిగింది రాసి ఒకటే పంపండి. శాకాహార భోజనం లాంటివి ట్రిప్ అయ్యాక ఫిర్యాదు చేసే బదులు బుకింగ్ టైమ్‌లోనే చెబితే చాలా కంపెనీలు భారతీయ వంటకాలు ఏర్పాటు చేస్తాయి.

అన్నింటికీ ఓటింగ్ పెట్టకండి. డిన్నర్ ఆరున్నరకా ఎనిమిదింటికా అంటే మెజారిటీ మాట సరే. ఫొటో విషయంలో ఒక్కడు వద్దంటే పదిమంది సరే అన్నా చెల్లదు.

ఐదో పని: తిరిగి చెప్పండి

చాలామంది ఫారం నింపించుకుని ఇక్కడే ఆగిపోతారు. ఏం మార్చామో, ఏం మార్చలేదో, ఎందుకో అరపేజీలో రాసి అందరికీ పంపండి. "ఒంటరి క్యాబిన్ ధర తగ్గించడం మా వల్ల కాలేదు, బదులుగా రూమ్‌మేట్‌లను జతచేస్తున్నాం" అని రాస్తే ఎవరూ కోప్పడలేదు. ఇది తర్వాతి ట్రిప్‌కు పూర్తి డబ్బు కట్టే గడువుకు ముందే వెళ్లాలి. ఆ గడువు సాధారణంగా ఓడ బయల్దేరడానికి మూడు నెలల అటూ ఇటూ ఉంటుంది. దాటితే మనసు మార్చుకున్నవాడు డబ్బు పోగొట్టుకుంటాడు.

ఈసారి ఫారంలో ఒకాయన ఒకే వాక్యం రాశాడు: "బఫేలో పెరుగన్నం లేదు." మన చేతిలో ఉన్న కుప్పలోనే వేశాను. బ్రేక్‌ఫాస్ట్ దగ్గర తీపి లేని పెరుగు ఉంటుంది, మధ్యాహ్నం అన్నం ఉంటుంది. పొద్దున్న రెండు కప్పులు తెచ్చి క్యాబిన్ ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే. గోంగూర మాత్రం ఇంట్లో పట్టింది కాకుండా సీల్ వేసిన ప్యాకెట్‌ది కొనండి, ఇంటి సీసా ఎక్కేచోట ఆపేస్తారు.