రాత్రి మూడింటి మెలకువ

ఆరు నెలలు రోజూ రాత్రి 3 గంటలకు మెలకువ వచ్చేసేది. గుండె దడ, ఒళ్లంతా టెన్షన్. టెస్టులన్నీ నార్మల్. చివరికి థెరపిస్టు దగ్గరికి వెళ్లాను. అక్కడ వాడింది 1960లలో అమెరికన్ మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ, అంటే మన ఆలోచనల్ని పరీక్షించి చూసుకుని మార్చుకునే పద్ధతి. నోటుబుక్కులో మూడు గడులు గీయించారు: ఏం జరిగింది, వెంటనే ఏమనిపించింది, దానికి ఆధారమేంటి. ‘బాస్ పలకరించలేదు’, ‘ఉద్యోగం పోతుంది’ అని రాశాను. మూడో గడిలో రాయడానికి ఏమీ దొరకలేదు. ఆ ఖాళీని చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే గదిలోకి వెళ్లమన్నారు. మంచం చూస్తే నిద్రే గుర్తుకు రావాలి, కంగారు కాదు. మొదటి రెండు వారాలు నరకమే. ఎనిమిదో సెషన్ నాటికి తెల్లారేదాకా పడుకున్నాను. మనసు విప్పి మాట్లాడితే చాలనుకున్నాను గానీ, నన్ను నిలబెట్టింది ఇంటి దగ్గర చేసిన ఆ రాతపనే. ఇప్పటికీ ఎప్పుడైనా మెలకువ వస్తే పక్క గదిలో నోటుబుక్కు తెరుస్తాను.