అల్యూమినియం బోటుకి ప్రొపెల్లర్ కొనేముందు మనుషుల్ని ఎక్కించండి

మిన్నెసోటాలో మంచు కరిగిందంటే చాలు, మా తెలుగువాళ్లలో ఎవరో ఒకరు పాత అల్యూమినియం బోటు కొని నాకు ఫోన్ చేస్తారు: “అన్నా, దీనికి ఏ ప్రొపెల్లర్ వెయ్యాలి?” ముందు నేను అడిగేది ఒకటే. బోటులో ఎంతమంది ఎక్కుతారు?

16 అడుగుల అల్యూమినియం బోటు చాలా తేలిక. నలుగురు పెద్దవాళ్లు, ఐస్‌బాక్స్, పెట్రోలు ట్యాంకు, యాంకరు ఎక్కితే ఒక్కోసారి ఖాళీ బోటు బరువంత బరువు దాని మీద పడుతుంది. ఒక్కరే వెళ్లి టెస్ట్ చేసి కొన్న ప్రొపెల్లర్‌తో పిల్లాపాపలని తీసుకెళ్తే ఇంజిన్ మూలుగుతుంది.

ఇంజిన్ సంగతి త్వరగానే తేలుతుంది. బోటు లోపల అంటించిన కెపాసిటీ ప్లేటు మీద గరిష్ఠ హార్స్‌పవర్ ఉంటుంది. దాన్ని దాటకండి, కానీ దానికి దగ్గర్లోనే కొనండి. ట్రాన్సమ్, అంటే ఇంజిన్ బిగించే బోటు వెనక గోడ, ఎత్తు 20 అంగుళాలైతే లాంగ్ షాఫ్ట్ ఇంజిన్, 15 అయితే షార్ట్. ప్రొపెల్లర్ పైనుండే వెడల్పాటి ప్లేటు బోటు అడుగుతో సమానంగానో, ఒక అంగుళం పైనో ఉండాలి. మరీ పైకి బిగిస్తే మలుపుల్లో ప్రొపెల్లర్ గాలి పీల్చి ఇంజిన్ ఒక్కసారిగా గోలపెడుతుంది.

ఇక అసలు విషయం. ప్రొపెల్లర్ మీద రెండు అంకెలుంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, అంటే జారుడు లేకపోతే ఒక్క చుట్టుకి ఎన్ని అంగుళాలు ముందుకి పోతుందో ఆ లెక్క. మీరు రోజూ తీసుకెళ్లే మనుషుల్నీ సామాన్లనీ ఎక్కించి, నీళ్లు నిలకడగా ఉన్న పొద్దున, మీరు పడిపోతే ఇంజిన్‌ని ఆపేసే కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకుని ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపే ట్యాకోమీటర్ చూడండి. మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్‌కి 5,000 నుంచి 6,000 ఆర్‌పీఎం అని ఉందనుకుందాం. మీది 4,900 దగ్గరే ఆగిపోతే పిచ్ ఎక్కువైనట్టు. అంగుళం తగ్గిస్తే సుమారు 150–200 ఆర్‌పీఎం పెరుగుతుంది, కాబట్టి 13 పిచ్‌ది తీసి 11ది వేస్తే 5,200–5,300కి వస్తుంది. ఇంజిన్ హాయిగా తిరుగుతుంది, బోటు త్వరగా నీటి మీదకి లేస్తుంది.

అదే ప్రొపెల్లర్‌తో ఒంటరిగా వెళ్లినప్పుడు 6,000 దాటిందా? అప్పుడు రెండు ప్రొపెల్లర్లు పెట్టుకోవడమే నా సలహా. ఒకటి కుటుంబానికి, ఒకటి వాలై చేపల వేటకి. రెండోది ఎలాగూ స్పేర్‌గా పనికొస్తుంది. ఉత్తరాన రాళ్లున్న సరస్సుల్లో తిరిగేవాళ్లు స్టెయిన్‌లెస్ మోజులో పడకండి. అల్యూమినియందైతే రాయి తగిలి వంగినా తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు.

మార్చేటప్పుడు తాళంచెవి తీసేసి, రెక్కకీ దాని పైనున్న వెడల్పాటి ప్లేటుకీ మధ్య చెక్కముక్క పెట్టి నట్టు విప్పండి. షాఫ్ట్ చుట్టూ గాలం దారం చుట్టుకుని ఉంటే జాగ్రత్తగా లాగేయండి, అది సీల్‌ని కోసేసి గేరు ఆయిల్‌లోకి నీళ్లు వదులుతుంది. షాఫ్ట్‌కి మెరైన్ గ్రీజు పట్టించి, నట్టు ఊడిపోకుండా ఆపే కాటర్ పిన్ కొత్తది వేయండి.