కెనడీ గొడుగు, గాదంకి పచ్చగీత: కుట్ర కథల్ని బుర్రకథగా కట్టే పద్ధతి

మా బుర్రకథ దళంలో ఇరవై రెండేళ్లుగా హాస్యం చెప్పేది నేనే. తంబురా పట్టుకుని కథ నడిపేది మా అన్న, రాజకీయం చెప్పేది మా మేనమామ కొడుకు. పుత్తూరు, పాకాల, చంద్రగిరి చుట్టుపక్కల తిరునాళ్లలో అల్లూరి కథ, బొబ్బిలి కథ ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. ఐదారేళ్ల నుంచి తిరుపతి కాలేజీ పిల్లలు వేరే అడుగుతున్నారు. "అక్కా, కెనడీని ఎవరు చంపినారో చెప్పండి. ఏలియన్స్ గురించి చెప్పండి." కెనడీ అంటే 1963లో కారులో వెళ్తుండగా కాల్చి చంపిన అమెరికా అధ్యక్షుడు. అడిగారు కాబట్టి చదివి, కట్టి, చెప్పాం. ఇప్పుడు ఆ పిల్లలే సొంతంగా కట్టుకుంటామంటున్నారు. నాకు పట్టుబడిన పద్ధతి వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఒక నోట్‌బుక్ కొనండి. ఎడమ పేజీలో రుజువైన సంగతులు, కుడి పేజీలో జనం చెప్పుకునే మాటలు రాయండి. బుర్రకథకు ఇది అతికినట్టు సరిపోతుంది. ఎడమ పేజీ కథకుడిది, కుడి పేజీ హాస్యం వంతది. రాజకీయం వంత రెండు పేజీల మధ్యా తిరుగుతాడు. హాస్యం చెప్పేవాళ్లు ఏ అనుమానమైనా పడొచ్చు. కథకుడు మాత్రం ఎడమ పేజీ దాటి ఒక్క మాట కూడా అనకూడదు. మా అన్న ఒకసారి నవ్వు వస్తోంది కదా అని నా వైపుకు వచ్చేశాడు. ఆ రాత్రి ఏది నిజమో తెలియకుండానే జనం ఇళ్లకు పోయారు.

తర్వాత ఏ చావు మీద కథ కట్టాలో చూసుకోవాలి. ఇక్కడ నేను తప్పు చేశాను. తమిళనాడు సరిహద్దులో ఒక ఊళ్లో, కెనడీ కథ మధ్యలో శ్రీపెరుంబుదూరు మాట తెచ్చి ఒక జోకు వేశాను. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. కథ ముగిశాక వెతుక్కుంటూ వెళ్తే, "ఆ రాత్రి ఆ మీటింగులో నేనుండా తల్లీ" అన్నాడు. 1991 మే 21న అక్కడ రాజీవ్ గాంధీతో పాటు ఇంకా పది మందికి పైగా చనిపోయారు. మన జిల్లాల నుంచి బస్సెక్కితే రెండు మూడు గంటల దూరం. ఆ వాసన ఇంకా గుర్తున్న మనుషులు మన ఎదురుగా కూర్చుంటారు. అలిపిరి కూడా అంతే. 2003 అక్టోబర్ 1న బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకెళ్తున్న చంద్రబాబు కాన్వాయ్ మీద మందుపాతరలు పేల్చారు. తిరుపతిలో దాని మీద నవ్వించాలని చూడొద్దు. చనిపోయిన మనిషి మీద, వాళ్ల ఇంటివాళ్ల మీద, ఆ గాయం మీద ఎప్పుడూ నవ్వు పుట్టించకండి. మన నవ్వు ఆ చావు చుట్టూ అల్లుకున్న ఊహల మీదే ఉండాలి.

కెనడీ కథలో నాకు బాగా ఇష్టమైంది గొడుగు ఆయన ఘట్టం. పూర్తిగా రాసి పెడుతున్నాను, మీరు ఇలాగే వాడుకోవచ్చు.

కథకుడు: 1963 నవంబర్ 22. డాలస్ నగరం. పొద్దున వాన పడి వెలిసింది. మధ్యాహ్నం పన్నెండున్నర, మంచి ఎండ.

హాస్యం: ఆగన్నా. ఎండ కాస్తా ఉంటే రోడ్డు పక్క ఆయప్ప నల్ల గొడుగు ఎందుకు తెరిచినాడు?

రాజకీయం: గొడుగులో విషపు బాణం ఉండాది! కాదు కాదు, కాల్చమని సైగ చేసినాడు!

హాస్యం: అయితే మా అవ్వ ఎండాకాలమంతా గొడుగు లేకుండా గడప దాటదు. ఆమె ఎవురికి సైగ చేస్తాందన్నా?

ఇక్కడ గుమ్మెట మీద ఒక్క దెబ్బ కొట్టి ఆగాలి. నవ్వు సగం తగ్గే వరకు కథకుడు నోరు తెరవకూడదు. తర్వాత నెమ్మదిగా చెప్పాలి: పదిహేనేళ్లకు, 1978లో, ఆ గొడుగు ఆయనే అమెరికా పార్లమెంటు కమిటీ ముందుకు వచ్చాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగి. కెనడీ తండ్రి 1930లలో బ్రిటన్‌లో రాయబారిగా ఉన్నప్పుడు, హిట్లర్‌తో రాజీపడిన ప్రధాని చాంబర్లేన్‌ను వెనకేసుకొచ్చాడు. చాంబర్లేన్ చేతిలో ఎప్పుడూ గొడుగు ఉండేది. కొడుకును ఉడికిద్దామని ఈయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. తప్పు చోట, తప్పు వేళ, తప్పు పని చేసినవాళ్లకు గిన్నిస్ బుక్కులో చోటుంటే మొదటి పేరు నాదేనని కమిటీ ముందు చెప్పుకున్నాడు.

మేము చెప్పిన ప్రతి ఊళ్లోనూ విషపు బాణం కంటే ఈ జవాబుకే ఎక్కువ నవ్వారు. మంచి ఘట్టం దొరికిందనడానికి నేను చూసే గుర్తు ఇదే. ఊహ కంటే నిజం ఎక్కువ నవ్విస్తే ఉంచుకుంటాను. లేకపోతే ఎంత బాగున్నా తీసేస్తాను.

రెండో ఘట్టానికి మాట కంటే సామాను ముఖ్యం. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చిన్న పీట, పొడుగాటి ఎర్ర దారం కావాలి. ఒకే తూటా కెనడీ మెడలోంచి వెళ్లి ముందు కూర్చున్న గవర్నర్ కనాలీని కూడా గాయపరిచిందని 1964లో వారెన్ కమిషన్ చెప్పింది. గాల్లో వంకర్లు తిరిగే తూటా ఎక్కడైనా ఉంటుందా అని జనం ఎగతాళి చేశారు. రెండు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసి, హాస్యం వంత దారాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, గాల్లో ఒక క్షణం ఆపి మళ్లీ మలుపు తిప్పాలి. పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నవ్వనివ్వండి. అప్పుడు కథకుడు లేచి ముందు కుర్చీ తీసేసి, పీటను కాస్త లోపలికి జరిపి వేయాలి. ఆ కారులో గవర్నర్ కూర్చున్నది మధ్యలో వేసిన మడత సీటు. అది అధ్యక్షుడి సీటు కంటే కిందికి, లోపలికి ఉంటుంది. దారం లాగండి, తిన్నగా వస్తుంది. తిన్నగా వచ్చిన ఆ దారాన్ని చూసి జనం ఒక్క క్షణం నిశ్శబ్దం అయిపోతారు. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఈ ఘట్టం చెప్తాను.

మనకు అనుకూలం కాని సంగతిని దాచకండి. 1979లో అమెరికా పార్లమెంటు కమిటీయే, బహుశా కుట్ర ఉండొచ్చని రాసింది. దానికి ముఖ్య ఆధారం పోలీసు రేడియో టేపులో విన్న శబ్దాలు. ఆ శబ్దాలు కాల్పులు అయిపోయిన ఒక నిమిషం తర్వాతవని 1982లో శాస్త్రవేత్తల కమిటీ తేల్చింది. రెండూ చెప్పండి. ఒకటే చెప్తే, ఫోన్‌లో రెండోది వెతికిన కుర్రాడు నిలబడి అడుగుతాడు. అడగాలి కూడా.

ఏలియన్స్ కథ మన ప్రాంతంలో ఇంకా సులువు. సామాను ఊళ్లోనే ఉంది. మా అత్తగారి ఊరు పాకాల పక్కన. పెళ్లైన కొత్తలో ఒక రాత్రి మిద్దె మీద పడుకుంటే, ఆకాశంలోకి నిలువుగా పచ్చని గీత కనపడింది. కదలకుండా, దారం లాగి కట్టినట్టు ఉంది. మా మరిది చాలా నమ్మకంగా "పైనుంచి దిగేవాళ్లకు దారి చూపిస్తాండారు వదినా" అన్నాడు. అది గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల లేజర్. కాంతిని పైకి పంపి, తిరిగొచ్చే వెలుతురును బట్టి పైన ఉన్న గాలి పొరల్లో వేడి ఎంతో, ధూళి ఎంతో కొలుస్తారు. పక్కనే 130 మీటర్ల చదరంలో 1,024 యాంటెన్నాల రాడార్ ఉంది. బెలూన్లు కూడా వదులుతారు. ఇంకోవైపు శ్రీహరికోట ఉంది. పొద్దు కుంకిన కాసేపటికి రాకెట్ వెళ్తే, దాని పొగ మీద పైన ఎండ పడి ఆకాశంలో వెలుగు వల పరిచినట్టు ఉంటుంది.

కాబట్టి ఏలియన్స్ కథను అమెరికాలో మొదలుపెట్టొద్దు. మిద్దె మీద మొదలుపెట్టి, అక్కడి నుంచి అమెరికాలోని రాజ్‌వెల్ ఊరికి తీసుకెళ్లండి. 1947 వేసవిలో ఒక పశువుల కాపరికి బీట్లో వెండి కాగితం, రబ్బరు ముక్కలు, పుల్లలు దొరికాయి. జులై 8న సైన్యమే ఎగిరే పళ్లెం దొరికిందని ప్రకటించి, ఆ వెంటనే మాట మార్చి, అది వాతావరణ బెలూన్ అంది. 1994లో అసలు సంగతి చెప్పారు. రష్యా అణుపరీక్షల శబ్దం పసిగట్టడానికి రహస్యంగా ఎగరేసిన బెలూన్ల వరస అది. దాచడం నిజమే, దాచింది మాత్రం ఏలియన్స్‌ను కాదు. హాస్యం వంతకు ఇక్కడ మంచి ప్రశ్న దొరుకుతుంది: "నక్షత్రాలు దాటుకోని వచ్చినోళ్లు వెండి కాగితం, పుల్లలతో వచ్చినారా అన్నా? మా పిలకాయల గాలిపటమే ఇంకా గట్టిగా ఉంటాది కదా!"

అమెరికా సైన్యం రహస్య స్థావరం ఏరియా 51 గురించి నాలుగు వాక్యాలు చాలు. 1955 నుంచి అక్కడ యూ-2 గూఢచారి విమానాలు పరీక్షించారు. అవి 60,000 అడుగుల పైన ఎగురుతుంటే, ఎంతో కింద వెళ్లే మామూలు పైలట్లకు వింత వెలుగుల్లా కనపడ్డాయి. 2019లో గేటు బద్దలు కొడదామని ఫేస్‌బుక్‌లో పిలుపు వస్తే ఇరవై లక్షల మందికి పైగా వస్తామన్నారు. గేటు దాకా వచ్చింది కొద్ది మందే.

వేషం గురించి ఒక మాట. కొందరు పిల్లలు ఏలియన్‌కు ఒంటి నిండా తెల్ల నామకొమ్ము పూసుకుని వచ్చారు. గంగజాతరలో బైరాగి వేషానికి పూసుకునేది అదే. మొక్కుకున్న వాళ్లు పూసుకునే దాన్ని దీనికి వాడొద్దు. వెండి కాగితం చాలు, రాజ్‌వెల్‌లో దొరికింది కూడా అదే.

ఇక అన్నిటికంటే నేను గట్టిగా పట్టుబట్టే నియమం. అబద్ధం ఎప్పుడూ ప్రశ్నగానే రావాలి, జవాబు అర నిమిషంలో రావాలి. మా గొడుగు ఘట్టంలో బాణం మాట వరకే ఎవరో ఫోన్‌లో తీసి స్టేటస్ పెట్టుకున్నారు. అది నాలుగు ఊళ్లు తిరిగి, గొడుగుతోనే చంపారంట కదా అక్కా అని నా దగ్గరికే వచ్చింది. అప్పట్లో జవాబుకు ముందు ఒక పాట పెట్టాం. ఆ రాత్రే పాట తీసేశాం. మీరు కూడా ప్రతి ఘట్టాన్నీ ఫోన్‌లో రికార్డు చేసి, ఏ అర నిమిషం కోసినా నిజం అందులో పడుతుందో లేదో చూసుకోండి.

కథ అయ్యాక, గుమ్మెట మీద గుడ్డ కప్పుతుంటే ఎవరో ఒకరు వస్తారు. ఎక్కువ సార్లు నేతాజీ గురించే అడుగుతారు. వాళ్లది ప్రేమ, దాని మీద జోకు వేయకండి. 1945 ఆగస్టు 18న తైవాన్‌లో విమాన ప్రమాదంలో చనిపోయారని 1956లో ఒక కమిటీ, 1974లో ఒక కమిషన్ చెప్పాయి. ఆ ప్రమాదంలో చనిపోలేదని 2005లో మరో కమిషన్ చెప్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇంతవరకు చెప్పి, కూర్చోబెట్టి, అడిగినాయన చెప్పేది వినండి. కుడి పేజీలో ఆయన మాటల్లోనే రాసుకుని, ఎదురుగా ఎడమ పేజీ ఖాళీగా వదిలి, నోట్‌బుక్ ఇంటికి తీసుకెళ్లండి.